దూరం నుంచి కలిసి పనిచేసేవాళ్ళ మధ్య నవ్వు: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు ఎవరివి?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఇంట్లో కూర్చుని బయట ఊరి కంపెనీకి పని చేస్తున్న తెలుగువాళ్ళవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు ఈ ఊళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అందులోకి వెళ్ళాయి. మన కుటుంబాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. చదువుకున్న పిల్లలు విశాఖకో హైదరాబాదుకో వెళ్ళడం ఎప్పటినుంచో ఉంది. 2020 మార్చి లాక్‌డౌన్‌తో చాలామంది ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చారు. కొందరు మళ్ళీ వెళ్ళారు, కొందరు ఇక్కడే ఉండిపోయారు. సాఫ్ట్‌వేర్, మెడికల్ కోడింగ్, ఇన్సూరెన్స్ క్లెయిములు, ఆన్‌లైన్ ట్యూషన్లు, రకరకాల పనులు. టీమ్ హైదరాబాదులో, క్లయింటు అమెరికాలో, మనిషి బరంపురంలో.

నేనూ ఆ కోవలోనే ఉన్నాను. బంధువుల పిల్లలు, తెలిసినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నల్లో ఎక్కువభాగం నవ్వు చుట్టూ తిరుగుతున్నాయని గమనించాను. ఎవరితో నవ్వాలి, ఎంత నవ్వాలి, నా మీద నవ్వుతుంటే ఏం చేయాలి? వాటికి నాకు తెలిసినంతలో జవాబులు ఇవి.

నవ్వితే టెన్షన్ నిజంగా తగ్గుతుందా? కాసేపు మరిచిపోవడమేనా?

రెండూ జరుగుతాయి. ఒత్తిడిని మనుషులు ఎలా తట్టుకుంటారన్నదాని మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు రిచర్డ్ లాజరస్, సూసన్ ఫోక్‌మన్ 1984లో చెప్పిన విభజన ఇప్పటికీ పనికొస్తుంది. సమస్యనే సరిచేయడం ఒక దారి. ఆ సమస్య వల్ల మనలో పుట్టిన భయాన్నీ కోపాన్నీ అదుపులోకి తెచ్చుకోవడం రెండో దారి. నవ్వు ఎక్కువగా రెండో దారిలో పని చేస్తుంది. జోకు వేస్తే పడిపోయిన సర్వర్ లేవదు. కానీ కంగారు కాస్త తగ్గుతుంది, అప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే లాగ్ ఫైలు తెరిచి నింపాదిగా చదవగలం.

శరీరంలోనూ తేడా ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం 2012లో అచ్చయిన పరిశోధనలో, కలిసి కామెడీ వీడియోలు చూసి గట్టిగా నవ్వినవాళ్ళకు ఆ తర్వాత నొప్పిని ఓర్చుకునే శక్తి పెరిగిందని తేలింది. మెదడులో విడుదలై నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లనే రసాయనాలే కారణమని వాళ్ళ అంచనా. పెదాల మీది చిరునవ్వుకి ఈ ఫలితం లేదు, పొట్ట పట్టుకుని నవ్వే నవ్వుకే.

అయితే ఒక హద్దు ఉంది. మా టీమ్‌లో ఒకప్పుడు టికెట్లు, అంటే పరిష్కరించమని మా దగ్గర నమోదయ్యే సమస్యలు, ఎంతకీ మూతపడేవి కావు. "మూసేలోపు దానికి పిల్లలు పుట్టాయి" అని ఒకరు రాశారు. అందరం నవ్వాం. మర్నాడు "మనవలు కూడా" అన్నారు, మళ్ళీ నవ్వాం. మూడో వారంలోనూ అదే మాట నడుస్తుంటే, ఒకామె ఆ టికెట్లన్నీ లెక్కగట్టి మీటింగ్‌లో పెట్టింది. అది సరైన పని. ఒకే కష్టం మీద వారాల తరబడి నవ్వుతున్నారంటే దాన్ని చాట్‌లో నుంచి తీసి పైవాళ్ళ ముందు పెట్టాల్సిన సమయం వచ్చినట్టు.

ఆఫీసులో వచ్చినంత నవ్వు కాల్‌లో ఎందుకు రాదు? మాలో మార్పు వచ్చిందా?

మీలో ఏ మార్పూ రాలేదు. నవ్వు సమయం మీద ఆధారపడుతుంది, కాల్‌లో ఆ సమయమే చెడిపోతుంది.

మామూలుగా మాట్లాడుకునేటప్పుడు ఒకరి మాట ఆగాక ఇంకొకరి మాట మొదలవడానికి పట్టే వ్యవధి సగటున సెకనులో అయిదో వంతు. 2009లో పది భాషల మీద చేసిన పరిశీలన ఇది. ఫోన్ మాటలు హాయిగా సాగాలంటే గొంతు ఒకవైపు నుంచి రెండోవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సూచన. గుణుపురంలో వానాకాలం మొబైల్ హాట్‌స్పాట్ మీద కూర్చున్నవాళ్ళకి ఆ హద్దు ఎన్నిసార్లు దాటుతుందో మీకు తెలుసు. జోకు వేస్తారు. నిశ్శబ్దం. ఎవరూ నవ్వలేదేమో అని మీ మొహం చిన్నబోయేసరికి నవ్వు వస్తుంది, అప్పటికి ఇంకొకరు "సరే, తర్వాతి పాయింటు" అనేసి ఉంటారు.

దీనికి తోడు మ్యూట్. నవ్వు మీద ఏళ్ళ తరబడి పని చేసిన రాబర్ట్ ప్రొవైన్ చెప్పింది ఇక్కడ గుర్తుంచుకోవాలి: ఒంటరిగా ఉన్నప్పటికన్నా మనుషుల మధ్య మనం 30 రెట్లు ఎక్కువ నవ్వుతాం. ఆయన బజార్లలో, కాలేజీల్లో విని నమోదు చేసిన 1200 నవ్వుల్లో జోకు అనదగ్గ మాట తర్వాత వచ్చినవి 20 శాతం లోపే. మిగతావన్నీ "అలాగా", "వస్తాను మరి" లాంటి మామూలు మాటల వెనక వచ్చినవి. అంటే ఎదుటివాళ్ళ నవ్వు చెవిన పడితేనే మనకూ నవ్వొస్తుంది. పన్నెండు మంది మ్యూట్‌లో నవ్వితే ఆ నవ్వు ఎవరిదీ ఎవరికీ అందదు.

అందుకని అయిదారుగురున్న కాల్‌లో మొదటి పది నిమిషాలు అందరూ మైకు తెరిచి ఉంచండి. వెనక కుక్కరు కూత వినిపించినా ఫర్వాలేదు. నవ్వొచ్చే మాట అన్నాక ఒక క్షణం ఆగండి. మీ మొహం మీకే కనిపించే ఆ చిన్న కిటికీని మూసేయండి. వీడియో కాల్స్ ఎందుకు అలసట తెప్పిస్తాయో 2021లో స్టాన్‌ఫర్డ్‌కి చెందిన జెరెమీ బెయిలెన్సన్ చెప్పిన నాలుగు కారణాల్లో ఎప్పుడూ మనల్ని మనం చూసుకుంటూ ఉండటం ఒకటి. ఎలా కనిపిస్తున్నామో చూసుకుంటూ హాయిగా నవ్వడం ఎవరికైనా కష్టమే.

చాట్‌లో సరదాగా రాశాను. ఎదుటివాళ్ళు సీరియస్‌గా తీసుకున్నారు. ఎందుకు?

రాసేటప్పుడు మన గొంతు మనకు వినిపిస్తుంది, చదివేవాళ్ళకు వినిపించదు. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ మరి ఇద్దరితో కలిసి దీన్ని పరీక్షించారు. కొన్ని వాక్యాలు వెటకారంగా, కొన్ని మామూలుగా రాసి ఈమెయిల్‌లో పంపమన్నారు. తమ ఉద్దేశం 78 శాతం సార్లు అర్థమవుతుందని పంపినవాళ్ళు అనుకున్నారు. నిజానికి అర్థమైంది 56 శాతం. కళ్ళు మూసుకుని చెప్పినా సగం ఒప్పవుతాయి కదా, అంతకంటే కాస్త ఎక్కువ, అంతే. గొంతుతో చెప్పినప్పుడు 73 శాతం అర్థమైంది.

ఈ చిక్కు పాతదే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్మన్ 1982 సెప్టెంబర్ 19న రెండు చుక్కలు, ఒక గీత, ఒక బ్రాకెట్టు కలిపి నవ్వుమొహం పెట్టమని సూచించింది ఇందుకే. జోకేదో, నిజమేదో అక్కడి మెసేజ్ బోర్డులో తేలక గొడవలవుతుండేవి.

నా సలహా: చాట్‌లో వెటకారం రాయకండి. "అబ్బో, చాలా తొందరగా పంపారే" అన్న వాక్యం ఎదురుగా నవ్వుతూ అంటే సరదా, రాత్రి 11 గంటలకి స్క్రీన్ మీద చదివితే ఎత్తిపొడుపు. అనాలనిపిస్తే వాయిస్ మెసేజ్ పెట్టండి. ఎమోజీ కొంత ఆదుకుంటుంది కానీ పదునైన మాట పక్కన పెట్టిన నవ్వుమొహం గాయాన్ని పెంచుతుంది.

ఎలాంటి జోకు మేలు చేస్తుంది, ఎలాంటిది చెడు చేస్తుంది?

కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో రాడ్ మార్టిన్, ఆయనతో పనిచేసినవాళ్ళు 2003లో 32 వాక్యాల ప్రశ్నావళి ఒకటి తయారుచేశారు. మనుషులు హాస్యాన్ని వాడే తీరును అందులో నాలుగుగా విడదీశారు. పేర్ల జోలికి పోకుండా మన ఉదాహరణలతో చెప్తాను.

నలుగురినీ దగ్గర చేసేది. మా టీమ్‌లో ఆడిటర్లు వచ్చే వారం రాగానే ఎవరో ఒకరు గ్రూపులో "పెళ్ళివారు దిగారు" అని పెడతారు. ఇక అందరం పెళ్ళి మాటల్లోనే మాట్లాడతాం: వంటలు సిద్ధమా, కట్నం కాగితాలు ఎక్కడ, మర్యాదలకి ఎవరుంటారు. ఎవరినీ ఏమీ అనలేదు. ఆ వారం భయం అందరిదీ అయింది, ఏ ఒక్కరి నెత్తినా పడలేదు.

మనకు మనం ధైర్యం చెప్పుకునేది. షిఫ్ట్ మధ్యలో కరెంటు పోతే "నాకంటే ముందు మా ఫ్యాను డ్యూటీ దిగిపోయింది" అని రాసి పనిలో పడేవాళ్ళు ఉన్నారు. ఒంటరిగా ఉన్నా పని చేసే హాస్యం ఇది. దూరంగా కూర్చున్నవాళ్ళకి దీని విలువ ఎక్కువ.

ఎదుటివాళ్ళను కొట్టేది. "మీ ఊళ్ళో నెట్ ఎద్దులబండి మీద వస్తుందా?" ఇది మన వైపు వాళ్ళు తరచూ వినే మాట. అన్నవాళ్ళకి హాయి, మిగతావాళ్ళకి కాసేపు వినోదం, విన్నవాళ్ళకి మంట.

నాలుగోది తనను తాను కించపరుచుకునేది. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చిన్న ఊళ్ళ నుంచి పని చేసేవాళ్ళు తెలియకుండానే దీన్ని అలవాటు చేసుకుంటారు. ఎలాగూ ఎవరో ఒకరు అంటారు కదా, ముందు మనమే అనేస్తే పోతుందని "మాది పల్లెటూరండీ, మాకేం తెలుసు", "నేను మొద్దును, నాకు రెండుసార్లు చెప్పాలి" అని నవ్వేస్తారు. ఒకసారి అంటే వినయం. నెలకోసారి, వారానికోసారి అంటూ పోతే పక్కవాళ్ళు నమ్మడం మొదలుపెడతారు. మిమ్మల్ని ఎదురుగా చూడని టీమ్ లీడ్‌కి మీ గురించి తెలిసింది మీ పని, మీ మాట, ఈ రెండే. ప్రమోషన్ పేర్లు రాసేటప్పుడు మీ నోటితో మీరన్న మాటే ఆయనకి గుర్తొస్తే? దయచేసి ఈ అలవాటు మానుకోండి. కష్టాన్ని ఎంతైనా వెక్కిరించండి, మిమ్మల్ని మీరు వెక్కిరించుకోకండి.

అసలు ఎవరి మీద ఎవరు జోకు వేయొచ్చు? ఇంట్లో అయితే తెలుసు, ఆఫీసులో తెలియదు.

మంచి ప్రశ్న. మన ఇళ్ళల్లో దీనికి కట్టుబాటు ఉంది. బావ మరదలిని ఆటపట్టించవచ్చు, వదిన మరిదిని ఏడిపించవచ్చు, మేనమామ పిల్లలు ఎంత మాటైనా అనుకోవచ్చు. మామగారి దగ్గర నోరెత్తం. ఒడియా ఇళ్ళల్లోనూ వదినకీ మరిదికీ ఆ చనువు ఉంది, భర్త అన్నగారి ముందు మాత్రం కోడలు తప్పుకుంటుంది. మానవ శాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో రాసింది ఇలాంటి చుట్టరికాల గురించే. ఎగతాళికి అనుమతి ఉన్న బంధంలో ఒకరు అనొచ్చు, రెండోవారు కోపం తెచ్చుకోకూడదు. చాలాచోట్ల ఆ హక్కు ఇద్దరికీ ఉంటుంది.

టీమ్‌లో ఆ చుట్టరికం ఎవరూ కట్టిపెట్టరు. ఒకే గదిలో ఉన్నప్పుడు కలిసి భోంచేసి, కలిసి టీ తాగి మెల్లగా అది ఏర్పడుతుంది. దూరం నుంచి చేరినవాళ్ళకి ఆ భోజనాలు లేవు. అందుకని నేను కొత్తవాళ్ళకి చెప్పేది ఇది: వాళ్ళు తిరిగి మిమ్మల్ని అనగలరా అని చూసుకోండి. మీరు అన్న మాటే వాళ్ళు మీతో అంటే మీరు నవ్వగలిగితే, వాళ్ళకి అనే ధైర్యం కూడా ఉంటే, ఆ చనువు ఏర్పడినట్టే. రెండింటిలో ఏది లేకపోయినా ఆగండి. "బావా", "గురూ" అని పిలిచినంత మాత్రాన చనువు వచ్చేయదు.

నా యాస మీద జోకులేస్తున్నారు. నవ్వి ఊరుకోవాలా?

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. హైదరాబాదు టీమ్‌లో మన వైపు అమ్మాయి "ఏటి", "ఎల్లిపోనాది" అనగానే ఒకరు అదే యాసలో తిరిగి అంటారు. ఇంకొకరు "నువ్వు మాట్లాడేది తెలుగా, ఒడియానా" అంటారు. మూడోసారికి ఆ అమ్మాయి కాల్‌లో మాట్లాడటం మానేసి అంతా చాట్‌లో రాస్తుంది. తెలివైన పిల్ల నోరు విప్పకపోవడం వల్ల పోయింది ఏమిటో ఆ నవ్వినవాళ్ళకి తెలియదు. నాకు దీని మీద చాలా బాధ ఉంది.

మన మాట గురించి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి, బడుల్లోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఉద్యోగం చేసింది పర్లాకిమిడిలో. 1880లో అక్కడి రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే ఇవాళ తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ నేల మీద పుట్టిన పిల్ల తన తెలుగు వినిపించడానికి భయపడకూడదు.

ఏం చేయాలంటే, ముందు తేడా చూసుకోండి. స్నేహితురాలు మీ యాస పట్టుకుని, మీరు ఆమె యాస పట్టుకుని ఇద్దరూ నవ్వుకుంటే అది చనువు. అందరి ముందు ఎప్పుడూ మీ ఒక్కరి మీదే వస్తుంటే అది వేరు. క్లయింటు ముందు వస్తే ఇంకా వేరు. చనువు కాని రకం అయితే, అన్న మనిషికి విడిగా ఫోన్ చేసి చెప్పండి, గ్రూపులో రాయకండి. "అన్నా, మనం నలుగురం ఉన్నప్పుడు సరే. మీటింగ్‌లో నా మాట తీరు మీద అనకండి, నాకు చెప్పాల్సింది చెప్పలేకపోతున్నాను." ఇంతే చాలు. చాలామంది అక్కడితో మానేస్తారు, ఎందుకంటే చాలామందికి అది తగిలిందని కూడా తెలియదు. ఆ తర్వాతా మానకపోతే లీడ్‌కి చెప్పండి, తేదీతో సహా రాసిపెట్టుకోండి.

అదే కాల్‌లో ఉండి వినేవాళ్ళకి కూడా ఒక మాట. ఆ క్షణంలో మీరు నవ్వకుండా "సరే, ఆమె చెప్తున్న పాయింటు ఏమిటి?" అని అడగండి. గొడవ లేకుండా జోకు అక్కడే ఆగిపోతుంది.

మా టీమ్‌లో తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, హిందీవాళ్ళు ఉన్నారు. జోకులు దాటవు. ఎలా?

మాటల గారడీ మీద ఆధారపడిన జోకు భాష దాటదు, దాన్ని వదిలేయండి. పరిస్థితి మీద వచ్చే నవ్వు దాటుతుంది. పిల్లి కీబోర్డు ఎక్కడం, అమ్మ తలుపు తోసి "అన్నం చల్లారిపోతోంది" అనడం, క్లయింటు "అయిదు నిమిషాలు" అన్నాక గంటన్నర గడవడం. ఇవి అందరికీ ఒకటే.

తెలుగులో నలుగురు నవ్వుకుంటుంటే అయిదో మనిషి తన మీదే అనుకుంటారు. అందుకని నవ్విన వెంటనే విషయం ఏమిటో అందరికీ తెలిసిన భాషలో ఒక ముక్క చెప్పండి. నవ్వు రాకపోయినా అనుమానం పోతుంది.

మన దగ్గర పండగలూ ఉన్నాయి. జూన్ మధ్యలో ఒడియావాళ్ళ రజొ పండగ వస్తే ఇక్కడ ఉయ్యాలలు, పిండివంటలు. హైదరాబాదులో ఆ మూడు రోజులూ మామూలు పనిదినాలే. బరంపురంలో రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి అమ్మవారి యాత్రలో మొక్కు ఉన్నవాళ్ళు రకరకాల వేషాలు కడతారు. ఆ ఫోటోలు టీమ్‌కి చూపిస్తే ప్రశ్నలు మొదలవుతాయి, పిల్లల పులివేషం దగ్గర అందరి మొహాలూ వికసిస్తాయి. ఎవరినీ తక్కువ చేయకుండా నవ్వు పుట్టే చోటు అది. పైగా మీరు ఎక్కడ కూర్చుని పని చేస్తున్నారో వాళ్ళకి మొదటిసారి తెలుస్తుంది.

నేను టీమ్ లీడ్‌ని. నేను జోకులు వేయొచ్చా?

వేయొచ్చు. కానీ మీ జోకుకి వచ్చే నవ్వుని కొలతగా తీసుకోకండి. అప్రైజల్ మీ చేతిలో ఉన్నప్పుడు ఎవరైనా నవ్వుతారు. మీ ఇబ్బంది మీద మీరు నవ్వండి, టీమ్ మొత్తం ఇరుక్కున్న పరిస్థితి మీద నవ్వండి. ఒకరి పొరపాటు, ఒకరి సెలవు, ఒకరి ఊరు, ఒకరి నెట్ స్పీడు మీద వద్దు. లీడ్ ఒక్కసారి అంటే టీమ్‌లో అందరికీ అనుమతి దొరికినట్టే.

గడువు దాటిన పని గురించి అడగాల్సి వచ్చినప్పుడు సూటిగా అడగండి. జోకులో చుట్టి అడిగితే ఎదుటివాళ్ళు రాత్రంతా అది జోకా మందలింపా అని ఆలోచిస్తూ పడుకుంటారు.

తుఫాను రోజుల్లో జోకులు తప్పా?

మన తీరంలో ఇది ఊహాప్రశ్న కాదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. అప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు.

అమెరికాలో 2012లో శాండీ తుఫాను వచ్చినప్పుడు పీటర్ మెక్‌గ్రా బృందం దాని మీద జోకులు జనానికి ఎప్పుడు నవ్వు తెప్పిస్తాయో రోజుల వారీగా చూసింది. తుఫాను వచ్చేముందు నవ్వొచ్చింది. నష్టం తెలిశాక పడిపోయింది, సుమారు 15 రోజుల దగ్గర అన్నిటికంటే తక్కువ. 36 రోజుల దగ్గర మళ్ళీ బాగా పెరిగింది. 99 రోజులకి మళ్ళీ తగ్గిపోయింది. మన అనుభవమూ అలాగే ఉంటుంది.

కాబట్టి తుఫాను హెచ్చరిక ఉన్న రోజు హైదరాబాదు నుంచి "మీకు హాయిగా సెలవు" అని రాయకండి. "నీళ్ళు పట్టి పెట్టుకున్నారా, పవర్‌బ్యాంకు నిండిందా, మీ పని ఎవరు చూడాలి?" అని అడగండి. జోకు వేసే హక్కు మొదట రేకులు ఎగిరిపోయిన ఇంటివాళ్ళది. వాళ్ళు మొదలుపెడితే మీరు కలవండి.

ఉద్యోగాలు తీసేస్తున్నారని భయం. గ్రూపులో దాని మీదే జోకులు. ఇది సరైనదేనా?

భయపడ్డ జనం ఎప్పుడూ ఇలాగే చేశారు. 1939లో జర్మన్ సైన్యం చెక్ నేలను ఆక్రమించాక అక్కడ పుట్టుకొచ్చిన జోకుల మీద ఆంటొనిన్ ఓబ్ర్‌డ్లిక్ 1942లో ఒక వ్యాసం రాశారు. అణిగి ఉన్నవాళ్ళకి ఆ జోకులు ఓర్పునిచ్చాయని, జనం ఇంకా లొంగలేదనడానికి అవే గుర్తని ఆయన అన్నారు. ఉద్యోగం పోవడం దానితో పోల్చదగ్గ కష్టం కాదు, కానీ చేతిలో ఏమీ లేనప్పుడు మాటతో తలెత్తుకోవడం అన్న పని ఒకటే.

ఒక్క జాగ్రత్త. ఉద్యోగం పోయిన మనిషి ఆ గ్రూపులో ఇంకా ఉన్నారేమో చూసుకోండి. మిగిలినవాళ్ళ నవ్వు వాళ్ళకి ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. నవ్వుకున్న సాయంత్రమే ఒకరికొకరు రెజ్యూమెలు చదివి పెట్టండి, తెలిసిన ఖాళీలు చెప్పుకోండి.

సరదా పేరుతో అసభ్యంగా మెసేజ్‌లు పెడుతున్నారు. ఇంట్లో ఉండి పని చేస్తున్నాను కదా, ఫిర్యాదు చెల్లుతుందా?

చెల్లుతుంది. మహిళలపై పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టంలో పనిచోటు అన్న నిర్వచనంలోనే నివాసగృహం కూడా ఉంది. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్న సంస్థలో ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువమంది ఉంటే జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు గడువు పెంచవచ్చు. మెసేజ్‌లు తుడిచేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. "జోకుగా అన్నాను" అన్నంతమాత్రాన అది వేధింపు కాకుండా పోదు.

ఎప్పుడూ నవ్విస్తూ ఉండే ఒకతను ఈమధ్య ఎక్కువగా తన మీద తనే జోకులేసుకుంటున్నాడు. పట్టించుకోవాలా?

తప్పకుండా. గ్రూపులో అందరినీ నవ్వించే మనిషిని ఎవరూ "ఎలా ఉన్నావు" అని అడగరు, బాగానే ఉన్నాడనుకుంటారు. జోకుల్లో "నేను లేకపోతే అందరికీ హాయి" లాంటి మాటలు వస్తుంటే, రాత్రి మూడు గంటలకి మెసేజ్‌లు వస్తుంటే, కెమెరా ఎప్పుడూ ఆపేసి ఉంటే, ఆ రోజే ఫోన్ చేయండి. పని మాట ఎత్తకండి. "నిన్న నువ్వు అన్న మాట నాకు జోకులా అనిపించలేదు, ఏమైంది?" అని అడిగి వినండి.

మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళకి ఫోన్‌లో సాయం చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పని చేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఆ నంబరు అతనికి ఇవ్వండి, అవసరమైతే పక్కన ఉండి చేయించండి.

నాకు జోకులు రావు. వెనకబడిపోతానా?

లేదు. జోకు చెప్పేవాళ్ళకన్నా మనసారా నవ్వేవాళ్ళు టీమ్‌కి ఎక్కువ అవసరం. మైకు తెరిచి నవ్వండి, చాలు.

శుక్రవారం కంపెనీ పెట్టే సరదా గంట ఉపయోగమా?

పని ఆపి పెడితే కొంత ఉపయోగం. పని అలాగే ఉంచి, షిఫ్ట్ అయ్యాక కెమెరా ఆన్ చేసి ఆటలాడమంటే అది ఇంకో పని. రావడం రాకపోవడం మనిషి ఇష్టానికి వదలాలి.

రాత్రి షిఫ్ట్‌లో నవ్వితే ఇంట్లో ఊరుకోరు.

రాత్రి రెండింటికి నవ్వు వినిపిస్తే నాన్నగారు లేచి కూర్చోవడం సహజం. ఆయనకి ఒకసారి మీ టీమ్‌ని చూపించండి, ఎవరెవరో పేర్లు చెప్పండి. ఏం జరుగుతోందో తెలిస్తే పెద్దవాళ్ళ అనుమానం సగం తగ్గుతుంది. కొన్నాళ్ళకి అమ్మే "మీ పెళ్ళివారు వెళ్ళిపోయారా?" అని అడుగుతుంది. ఆ మాట టీమ్‌కి చెప్పండి, సంతోషిస్తారు.

నాకు టీమే లేదు. ఒక్కదాన్నే ఫ్రీలాన్స్ పని చేసుకుంటున్నాను. నాకెలా?

మీకు ఈ అవసరం అందరికంటే ఎక్కువ. మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఇలాగే పని చేసుకునేవాళ్ళు ఇద్దరు ముగ్గురు తప్పకుండా ఉంటారు. పర్లాకిమిడిలో మీరుంటే పాతపట్నంలో ఒకరు ఉండొచ్చు, మధ్యలో ఉన్నది రాష్ట్ర సరిహద్దే. ఒకే రకం పని కానక్కర్లేదు. సాయంత్రం నాలుగింటికి టీ పెట్టుకుని పావుగంట కాల్‌లో కలవండి. ఆ రోజు ఎవరిని ఏ క్లయింటు ఏడిపించాడో పేర్లు లేకుండా చెప్పుకోండి. మీటింగ్‌లా నడపకండి, ఎజెండా వద్దు. ఎవరైనా రెండు రోజులు వరసగా రాకపోతే మూడో రోజు వరకు చూడకుండా ఫోన్ చేసి కనుక్కోండి.